గీత అవతల గుప్పెడు ఉలవలు

అనగనగా, కొండల వెనక ఇంకా కొండలున్న చోట, నీలగండి అనే రాజ్యం. అక్కడి రాజుగారి గుర్రపుసాలలో ఒక ఆడ గుర్రప్పిల్ల పుట్టింది. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లటి చుక్క. పుట్టిన పూటే తల్లి పోయింది.

సాలలో మేత వేసే పోలమ్మ దాని తలని ఒళ్లో పెట్టుకుంది. మేకపాలు పట్టింది. పుల్లల్లాంటి కాళ్లు చూసి పిచ్చికా అని పిలిచింది.

గుర్రాలకి పరుగు ఎలా నేర్పుతారో పోలమ్మకి తెలియదు. రోజూ పొద్దున్నే ఏటి ఇసుకలో ఈ చివర పిల్లని వదిలేది. తను ఆ చివరికి నడిచి వెళ్లేది. కొంగు మూటలోంచి ఉడికిన ఉలవలు గుప్పెడు తీసి చెయ్యి చాపేది.

"ఇట్రావే, పిచ్చికా."

అంతే. పిల్ల వచ్చేది. మొదట తడబడుతూ, తరవాత దుముకుతూ, ఆ తరవాత ఇసుక ఎగిరిపడేలా. పడిపోయి ఆలస్యంగా వచ్చిన రోజున కూడా ఆ చెయ్యి చాపే ఉండేది. పరుగంటే పిచ్చికకి తెలిసింది ఒకటే. చివర్న ఒక మనిషి ఉంటుంది.

పిల్ల ఎదిగింది. కోతలయ్యాక కోట ముందర పందేలు పెట్టారు. పిచ్చిక రాజుగారి తరఫున పరిగెత్తింది. పోలమ్మ గీత అవతల, జనంలో నిలబడి చెయ్యి చాపింది. పేరుమోసిన గుర్రాలన్నీ వెనకపడ్డాయి.

రాజు పొంగిపోయాడు. దానికి జయవాహిని అని పేరు పెట్టాడు. చలవరాళ్ల సాలలోకి మార్పించాడు. దిష్టి తగలకూడదని చుట్టూ తెరలు కట్టించాడు. వచ్చినవాళ్లంతా జయవాహినీ, జయవాహినీ అంటుంటే, ఆ పేరు ఎవరిదా అని పిచ్చిక తల తిప్పి చూసేది.

రెండో పందేనికి ఇరుగుపొరుగు రాజులు వచ్చారు. పిచ్చికే గెలిచింది. మెడలో వేయబోయిన దండల్ని తోసుకుంటూ నేరుగా పోలమ్మ దగ్గరికి పోయి, అరచేతిలో మూతి పెట్టింది.

దివాను అది చూశాడు. రాజు చెవిలో మెల్లిగా చెప్పాడు.

"ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషట, ప్రభూ. ప్రతిసారీ చివర్న నిలబడి, మన గుర్రం మీదే చూపు పెడుతోంది. ఆ చూపు మంచిది కాదు."

రాజుకి దిష్టి భయం పట్టుకుంది. పంపించెయ్యమన్నాడు.

పోలమ్మ వెళ్లేముందు ఒక్కసారి గుప్పెడు ఉలవలు పెట్టి వస్తానని అడిగింది. వద్దన్నారు. ఏరు దాటించి వదిలేశారు. ఆ సంగతి పిచ్చికకి ఎవరు చెబుతారు?

వెండి తొట్టిలో నెయ్యి కలిపిన దాణా వచ్చేది. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు వచ్చి మాలీసు చేసి పోయేవారు. నోటి మాటకి కూడా దిష్టి ఉంటుందని, ఇప్పుడు ఎవరూ పలకరించేవారు కాదు. తెర కదిలితే చాలు, పిచ్చిక చెవులు నిక్కించేది. గాలి. మళ్లీ చెవులు వాల్చేది.

మూడో పందెం అన్నిటికన్నా పెద్దది. పిచ్చిక ఎన్నడూ లేనంత వేగంగా పరిగెత్తింది. గీత దాటేసరికి వెనక దుమ్ము తప్ప ఇంకో గుర్రం లేదు. బాజాలు మోగాయి. రాజు రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు.

పిచ్చిక ఆ చేతుల కేసి చూసింది. పక్కవాళ్ల చేతులూ చూసింది. అన్నీ వెతికింది.

పోలమ్మ లేదు. అంటే, పరుగు ఇంకా అవలేదన్నమాట.

ఆగలేదు. వీపు మీదున్న రౌతు కళ్లెం లాగి లాగి జారిపడ్డాడు. కోట గుమ్మం దాటింది, తోటలు దాటింది. ఏటి ఇసుకలోకి దిగింది. అక్కడా ఎవరూ లేరు. నీళ్లలోకి నడిచింది.

రాజూ దివానూ గుర్రాల మీద వెంటపడ్డారు. దాన్ని అందుకునే గుర్రాలా అవి? పొద్దు వాలే వేళకి ఏటి అవతల ఒక పాక ముందు కనపడింది. ఒళ్లంతా నురగ. మూతి పోలమ్మ అరచేతిలో ఉంది. ఆ చేతిలో ఉలవలు లేవు. ఏమీ లేదు.

"ఏం మందు పెట్టావు దీనికి?" అన్నాడు రాజు.

"మందెక్కడిది మారాజా. ఇది పరిగెత్తేటప్పుడు చివర్న నిలబడేదాన్ని."

"నేనూ నిలబడ్డానుగా?"

పోలమ్మ పిచ్చిక నుదుటి మీద చుక్కని బొటనవేలితో నిమిరింది.

"తమరు గెలుపు కోసం నిలబడ్డారు. ఓడినా నిలబడతారని దానికెట్టా తెలుస్తది?"

పిచ్చిక మెడకి వెయ్యడానికి దివాను తాడు తీశాడు. రాజు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇక్కడే ఉండనీ అన్నాడు. చాలాసేపు ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. పిచ్చిక ఆయన కేసి తిరగలేదు.

రాజు కోటకి తిరిగొచ్చాడు. వాకిట్లో బాజాలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. గెలిచిన రాజు కోసం ఊరంతా చేతులు చాపి నిలబడి ఉంది. ఆయన ఒక్కొక్క చేతినీ చూసుకుంటూ, వెతుక్కుంటూ, లోపలికి నడిచాడు.

గెలిచి వచ్చే బిడ్డకి ఊరంతా ఎదురొస్తుంది. ఓడి వచ్చినా చాపి ఉండే చెయ్యి ఒక్కటుంటేనే, ఆ బిడ్డకి ఇల్లున్నట్టు.