ఈదమ్మ లేవని గడప

వినండి, చిన్నా పెద్దా అందరూ వినండి. మన తాతల తాతలు కూడా పుట్టని కాలం. బొమ్మగిరి అని ఒక కోట పట్నం ఉండేది. దాని వాకిలి తలుపులు కదలాలంటే పదేసి మంది తోయాలి.

ఆ కోటకు దూరంగా ఒక పల్లెలో ఈదమ్మ అని బుట్టలల్లుకునే మనిషి ఉండేది. ఆమెకు నా అన్నవాడు ఒక్క తమ్ముడే. పేరు ఎల్లమంద. వాడికి పుట్టుచెవుడు, మాటా రాదు. కోట చూపించమని ఎన్నాళ్ళుగానో చేతులతో అడుగుతుంటే ఒకనాడు తీసుకెళ్ళింది.

అవి శత్రువుల భయం ఉన్న రోజులు. పొద్దుగూకే వేళ కోటలో నగారా మూడుసార్లు మోగేది. మూడోసారికి తలుపులు మూసేవాళ్ళు. ఆ తరవాత లోపల పరాయి మనిషి దొరికితే వేగులవాడని పొడిచేసేవాళ్ళు. మాట కూడా అడిగేవాళ్ళు కాదు.

అక్కాతమ్ముళ్ళు ఏనుగుల సాల చూశారు. అద్దాల మేడ చూశారు. బురుజు మీది ఫిరంగి చూశారు. ఎల్లమందకు రెండు కళ్ళూ చాల్లేదు. అంతలో బజారులో ఒంటెలు బెదిరాయి. జనం చెల్లాచెదురయ్యారు. అక్క చేతిలోంచి వాడి చెయ్యి జారిపోయింది.

ఈదమ్మ సందుసందూ వెతికింది. పేరు పెట్టి పిలుద్దామంటే వాడికి వినపడదే! నగారా మోగింది. 'వచ్చిన దారి వాడికి గుర్తుంటుంది' అనుకుని కోటవాకిటికి పరిగెత్తింది. వాడు లేడు. నగారా మళ్ళీ మోగింది. బయటి ఊళ్ళవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఈదమ్మ తలుపుల మధ్య రాతి గడప మీద కూర్చుంది.

"లేవమ్మా, మూసే వేళయింది" అన్నాడు తలుపు తోసే మల్కన్న.

"మా తమ్ముడు లోపలున్నాడు. నేను లేవను."

కావలి నాయకుడు వచ్చాడు. "లేస్తావా, ఈడ్పించమంటావా?"

"మా తమ్ముడు లోపలున్నాడు. నేను లేవను."

మూడో నగారా మోగింది. "తోయండి!" అని అరిచాడు నాయకుడు. తలుపులు కదిలాయి. ఈదమ్మ కళ్ళు మూసుకుంది. తలుపు అంచు ఆమె భుజాన్ని నొక్కింది. ఎముక విరిగిన చప్పుడు మల్కన్న విన్నాడు.

"మా తమ్ముడు లోపలున్నాడు..." అంది ఈదమ్మ.

మల్కన్న చేతులు తీసేశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ తీసేశారు. నాయకుడు కత్తి దూశాడు.

"నరుకు దొరా" అన్నాడు మల్కన్న. "నేనైతే తోయను. అమ్మా, నీ తమ్ముణ్ణి ఎలా పిలవాలో చెప్పు."

"చెవుల్లేవు గానీ కళ్ళున్నాయయ్యా. కళ్ళకు కనపడేలా పిలవండి."

మల్కన్న దివిటీ అందుకుని వాకిలి కమాను మీదికెక్కాడు. ఒకసారి ఊపాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ ఊపాడు. ఎవరూ రాలేదు. మూడోసారి ఊపేసరికి బురుజు మెట్ల మీంచి ఒక మనిషి పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. వచ్చి అక్క ఒళ్ళో తల పెట్టుకున్నాడు. నాయకుడు ఏమనుకున్నాడో ఏమో, కత్తి ఒరలో పెట్టి మొహం తిప్పుకున్నాడు.

ఈదమ్మ చెయ్యి మళ్ళీ సరికాలేదు. ఆమె అల్లే బుట్టలు అప్పట్నుంచీ ఎల్లమందే అల్లాడు. ఆమె ముసలిదై కన్నుమూసిందన్న కబురు కోటకు చేరిన సాయంత్రం, మల్కన్న కొడుకులు నగారా ఆపి దివిటీ ఊపారు.

ఇప్పుడు బొమ్మగిరికి రాజూ లేడు, తలుపులూ లేవు. అయినా పొద్దుగూకితే ఎవరో ఒకరు వాకిలి మీదికెక్కి దివిటీ మూడుసార్లు ఊపుతారు. కింద ఉన్నవాళ్ళు తమవాళ్ళంతా వచ్చారో లేదో ఒకసారి చూసుకుంటారు. ఎవరైనా రాకపోతే, మిగిలినవాళ్ళు ఆ గడప మీద కూర్చుంటారు. లేవరు.