ముందు పడుకున్న రాయి

మఠం గురువు కూర్మయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. ప్రశ్న చిన్నదైతే మఠం చుట్టూ ఒక చుట్టు, కాస్త పెద్దదైతే వాగు దాకా, మోక్షం వంటిదైతే మూడు మండలాలు దాటితే గాని వెనక్కి తిరిగేవారు కాదు. పేరులో తాబేలున్నా కాళ్ళలో లేడి ఉన్న మనిషి. తూర్పు కనుమల్లో ఆయన అరికాలు తగలని రాయి ఒకటి ఉందంటే, అది ఇంకా పుట్టలేదనే లెక్క. ఒకసారి ఆయన వెంట నడవబోయిన చిరుతపులి మూడో రోజున కుంటుకుంటూ వెనక్కి పోయిందని కొండ సంతల్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. రెండో రోజు మధ్యాహ్నానికే పోయింది.

ఆ మఠంలో ఒక నియమం ఉంది. శిష్యుడైనవాడు జీవితంలో ఒక్కసారి, ఒంటరిగా, నలభై రోజుల నడక నడవాలి. మఠం గడప దిగి, అడవిదారుల వెంట మహేంద్రగిరి దాకా వెళ్ళి, తిరిగి ఆ గడపలోనే కాలు పెట్టాలి. నూకరాజు అనే శిష్యుడు ఈ నడకకి మూడేళ్ళుగా బయలుదేరుతూనే ఉన్నాడు. మొదటి ఏడు బూట్లు ఎంచుకునేసరికి చలికాలం అయిపోయింది. రెండో ఏడు వీపు సంచి ఎంచుకునేసరికి మామిడి పూత వచ్చేసింది. ఇక మూడో ఏడు డాక్టరు అతని ఎడమ మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, ఈ చలికాలం నడిస్తే నడిచినట్టు, వచ్చే ఏటికి మేడ మెట్లు ఎక్కడం కూడా ఆలోచించి చెయ్యవలసిన పనేనని తేల్చేశాడు. కరెంటు ఆఫీసులో సెలవు మంజూరైంది. శుక్రవారం ఉదయం బయలుదేరాలి. అప్పటికి బుధవారం.

నూకరాజు సామాన్యుడేమీ కాదు. యాభై ఆరేళ్ళ లైన్ ఇన్‌స్పెక్టరు. కొండ ఊళ్ళలో ఇంకా కర్ర స్తంభాలే నిలబడి ఉన్న రోజుల్లో కరెంటు పనిలో చేరాడు. అతను ఎక్కిన స్తంభాలన్నీ ఒకదాని నెత్తిన ఒకటి నిలబెడితే చందమామకి బల్బు తగిలించి రావచ్చు. అంత ఎక్కినా ఒక్కసారైనా పడలేదు. స్తంభం దగ్గరికి వెళ్ళగానే జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి, దాని పిడితో టకటక కొట్టి, ఆ చప్పుడు చెవిన పడ్డాకే కాలు పైకెత్తేవాడు. ఆ కొట్టడం అతనికి ఊపిరి పీల్చినంత అలవాటైపోయి, అలా కొడుతున్నానన్న సంగతే మరిచిపోయాడు.

అతని బాధల్లా ఇప్పుడు పడక గురించి. నేల మీద పడుకుంటే తెల్లారి లేవడానికి ఆ మోకాలు ఒప్పుకోదు. కాబట్టి రెండు చెట్ల నడుమ కట్టుకుని పడుకునే ఊయల కావాలి. ఆ బుధవారం పొద్దున్నే మూడు ఊయలలు తెచ్చి గురువుగారి ముందు పరిచాడు. ఒకటి నూలు వల. ఇంకొకటి దోమతెర కుట్టిన నైలాను గుడ్డ. మూడోది మరీ పలచన, మడిస్తే పిడికిట్లో ఇమిడిపోతుంది, విప్పితే ఏనుగు పడుకోవచ్చు. పక్కన ఒక నోటుపుస్తకం. ఏది ఎంత బరువు, ఏది ఎంత వెడల్పు, తడిస్తే ఎంత సేపటికి ఆరుతుంది, ఎంత సాగుతుంది, అన్నీ గళ్ళు గీసి రాశాడు. ఆ గళ్ళు చూస్తే పంచాంగం సిగ్గుపడుతుంది.

"గురువుగారూ, ఈ మూడింట్లో దేన్ని నమ్ముకోమంటారు?" అని అడిగాడు.

కూర్మయ్యగారు చెప్పులు వేసుకున్నారు.

నూకరాజు మూడు ఊయలలూ సంచిలో కుక్కుకుని వెనకే పరుగెత్తాడు. వాగు దాటారు, గట్టు ఎక్కారు, కాఫీ తోటలోకి దిగారు. పళ్ళు ఎర్రబడే రోజులవి. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మానులను మిరియాల తీగలు పచ్చగా చుట్టుకున్నాయి. వాటి కింద ఆడవాళ్ళు నడుముకి బుట్టలు కట్టుకుని కాఫీ పళ్ళు కోస్తున్నారు. ఒకామె మాత్రం ఇంకా కోతకి దిగలేదు. చంకలో ఏడు నెలల పిల్ల, భుజాన రంగు వెలిసిన చీర. పేరు చిలకమ్మ. గురువుగారు ఆమెకి కాస్త దూరంలో ఒక బండ మీద కూర్చున్నారు. నూకరాజు జవాబు ఎక్కడ దాగి ఉందా అని చుట్టూ చూశాడు. అలా ఓ గంట చూశాడేమో, ఆ గంట అతనికి ఒక పుష్కరమంత అనిపించింది.

చిలకమ్మ ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి మెడ వెనక్కి వాల్చి పైకి చూసింది. అరచేత్తో మానుని చరిచింది. వద్దనుకుని కదిలింది. రెండో చెట్టుకి చీమల బారు ఉంది, అదీ వద్దనుకుంది. పనస చెట్టు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. పిల్లని పక్కన నేల మీద కూర్చోబెట్టి, కొమ్మని రెండు చేతులా పట్టుకుని తానే వేలాడింది. మిట్టమధ్యాహ్నం ఎండ ఎటు పడుతుందో చెయ్యి అడ్డం పెట్టి చూసుకుంది. అప్పుడు భుజం మీది పాత చీర విప్పి ఉయ్యాల కట్టింది. కట్టాక పిల్లని వెయ్యలేదు. తోట గట్టున దాచిన ఒక గుండ్రాయి తెచ్చి అందులో పడుకోబెట్టింది, జోకొడుతున్నట్టే మూడుసార్లు ఊపింది, రాయి తీసి పక్కన పెట్టింది, ఆ పైన పిల్లని వేసింది.

నూకరాజుకి ఆ చీర మీద ఆసక్తి పుట్టింది. దగ్గరికి వెళ్ళి, అది ఎన్నేళ్ళదని అడిగాడు. తన అత్త పెళ్ళినాటిదని ఆమె చెప్పింది. అంత పాత గుడ్డ చిరగదా అని అడిగాడు.

"సిరిగిన కాడ ముడెట్టేత్తాను బాబూ. సెట్టుకి ముడెట్టలేను గదా."

నూకరాజు పుస్తకం తీసి, చీర పొడవు, నేత రకం, ముడుల సంఖ్య శ్రద్ధగా రాసుకున్నాడు. రెండో మాట రాసుకోలేదు.

గురువుగారు బండ మీద నుంచే, అతని ఊయల కూడా కట్టి చూపించమన్నారు. నూకరాజుకి ఎక్కడలేని హుషారు వచ్చింది. మూడింట్లోకి మేటి అయిన పలచటి ఊయల తీశాడు. టేపు తీసి చెట్లకీ చెట్లకీ మధ్య దూరం కొలిచాడు. బ్రహ్మదేవుడు లోకాన్ని కొలిచినప్పుడు కూడా అంత జాగ్రత్త పడి ఉండడు. చివరికి రెండు సిల్వర్ ఓక్ చెట్లు దొరికాయి. నిటారుగా, నిండా పచ్చగా, వెంట్రుకవాసి తేడా లేకుండా కావలసిన దూరంలో ఉన్నాయి. పట్టీలు బిగించి, తాడు వాలు సరిచూసి, బూట్లు విప్పి, ఒక కాలు ఊయలలో పెట్టబోయాడు.

"మరి దీన్ని పడుకోబెట్టరేటి ముందు?" అంది చిలకమ్మ. ఆమె చేతిలో గుండ్రాయి ఉంది.

అది పసిపిల్లలకి చేసే ఆచారమని నూకరాజు నవ్వాడు. కోత ఆపి చూస్తున్న ఆడవాళ్ళు, ఈ బాబుకి జోల కూడా పాడాలేమో అని తమలో తాము అనుకున్నారు. కూర్మయ్యగారు నవ్వలేదు. పిల్లకి పిల్లంత రాయి, మనిషికి మనిషంత రాయి అన్నారు. మనిషంత రాయి దొరక్క, కోసిన కాఫీ పళ్ళ బస్తా ఒకటి నలుగురూ పట్టి మోసుకొచ్చి ఊయలలో పడుకోబెట్టారు. గురువు మాట కాదనలేక నూకరాజు అయిష్టంగానే పక్కన నిలబడి ఊపాడు. ఒకసారి ఊపాడు. రెండోసారి ఊపాడు. మూడోసారి ఊపగానే ఎడమవైపు చెట్టు, పట్టీ బిగించిన చోట, పెళ్ళున విరిగింది. ఆ చప్పుడుకి పక్క కొండ మీద కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి. పాతిక అడుగుల మాను తిన్నగా వచ్చి బస్తా నడుమ పడింది. మనిషైతే సరిగ్గా గుండె ఉండే చోటు అది. కాఫీ పళ్ళు నేలంతా ఎర్రగా చిందాయి.

కోస్తున్న ఆడవాళ్ళంతా బుట్టలు వదిలి పరుగెత్తుకొచ్చారు. పనస చెట్టు కింద పిల్ల మాత్రం నిద్రలో ఉంది.

నూకరాజు వంగి మాను కిందినుంచి ఊయలని లాగాడు. వెలుతురుకి పట్టి చూశాడు. ఒక్క పోగు తెగలేదు. పట్టీ సడలలేదు. ముడి జారలేదు. తర్వాత విరిగిన మొదలు దగ్గరికి వెళ్ళాడు. పచ్చగా కనబడిన ఆకులన్నీ మిరియాల తీగవి. చెట్టుది ఒక్క ఆకు కూడా లేదు. ఆ చెట్టు ఎండిపోయి ఎన్నేళ్ళయిందో, లోపలంతా పురుగు తిన్న పొడి. అతని చెయ్యి అతన్ని అడక్కుండానే జేబులోకి వెళ్ళింది. ప్లేయరు పిడితో మొదలుని రెండుసార్లు కొట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా వింటున్న చప్పుడే. చీకట్లో విన్నా, వానలో విన్నా, పది స్తంభాల అవతలి నుంచి విన్నా గుర్తుపట్టగలిగిన చప్పుడే. అలా చాలాసేపు కొడుతూ నిలబడ్డాడు.

"బస్తా పోతే పోయింది, బాబు మిగిలారు," అంది చిలకమ్మ, చిందిన పళ్ళు ఏరుతూ. నూకరాజు కూడా కూర్చుని ఏరాడు. సాయంత్రం దాకా, ఆకుల కింది ఆఖరి పండు దాకా ఏరాడు. మోకాలు నొప్పి పెట్టిందో లేదో అతనికి తెలియలేదు. మఠానికి తిరిగి వచ్చే దారిలో గురువుని ఏమీ అడగలేదు. దారి పక్కన ఉన్న ప్రతి చెట్టునీ కొట్టి చూసుకుంటూ రావడం వల్ల రెండు మైళ్ళ దారి రెండు యోజనాలైంది.

శుక్రవారం తెల్లవారింది. మూడేళ్ళుగా బయలుదేరుతున్న మనిషి నిజంగానే బయలుదేరుతున్నాడంటే నమ్మలేక చూడటానికి చుట్టుపక్కల ఏడు ఊళ్ళ జనం వచ్చారు. నోటుపుస్తకం మఠంలోనే వదిలేశాడు. మూడు ఊయలల్లో చేతికి ఏది ముందు తగిలితే దాన్ని సంచిలో పడేశాడు. ఏది పడిందో మొదటి మజిలీ దాకా తనకే తెలియదు. గడప దగ్గర గురువుగారి కాళ్ళకి దండం పెట్టాడు. ఆయన దీవించి, సంచి బరువెంతో చూద్దామని ఒక చేత్తో ఎత్తి, కనుబొమలు ముడిచారు. సంచి మూతి విప్పి లోపల చెయ్యి పెట్టారు. నున్నటి గుండ్రాయి బయటికి వచ్చింది.

చిలకమ్మని బతిమాలి తెచ్చుకున్నానని నూకరాజు తల దించుకుని చెప్పాడు. ఇకమీద ప్రతి చోటా ముందు దాన్ని పడుకోబెట్టాకే తాను పడుకుంటానన్నాడు.

కూర్మయ్యగారు రాయిని గడప పక్కన పెట్టి, సంచిని శిష్యుడి భుజానికి తగిలించారు.

"ఇది పిల్లదానిది. నీది దారిలో ఉంటుంది, వెళ్ళు."