కొర్లయ్య కాలి నాడి

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం డాక్టర్ పేరిందేవి గారి అలవాటు కాదు. పెద్దాసుపత్రిలో శస్త్రచికిత్స విభాగానికి ఆవిడే పెద్ద. శిష్యుల్లో ఎవరైనా ఏదైనా అడిగితే కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక్కోసారి గంటకు తేలేది, ఒక్కోసారి నెలకు. కొత్తగా వచ్చిన పిల్లలు ఆవిడకు జవాబు తెలియదేమో అనుకునేవారు. పాతవాళ్లు మాత్రం అడగబోయే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఎందుకంటే ఆవిడ జవాబు మాటల్లో వచ్చేది కాదు, ఏదో ఒకటి జరిగి వచ్చేది.

శశిభూషణ్ కొత్తవాడు. చదువు చివరి మెట్టు మీద ఉన్న హౌస్ సర్జన్. మంచి పిల్లవాడు, అందులో సందేహం లేదు. కాకపోతే తన మంచితనం మీద తనకు కాస్త ఎక్కువ నమ్మకం. ఆ ఆసుపత్రిలో అతను రాకముందు నుంచే ఒక పాడు అలవాటు పాతుకుపోయి ఉంది. ఎవరు ఎక్కువసేపు నిద్రపోకుండా ఉంటే వాళ్లే మొనగాళ్లు. పొద్దున్నే క్యాంటీన్‌లో ఎర్రబడ్డ కళ్లతో కూర్చుని "మొన్నటి నుంచి నడుం వాల్చలేదు" అని ఒకడంటే, "నేను నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు" అని ఇంకొకడు. వైద్యం నేర్చుకోడానికి వచ్చినవాళ్లు జబ్బు తెచ్చుకోవడంలో పోటీ పడటం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కాని పరీక్షలన్నిట్లో ఫస్టొచ్చిన శశిభూషణ్‌కి ఇందులోనూ ఫస్టు రావాలనిపించింది. టీ తాగేవాడు, బిస్కెట్టు కొరికేవాడు, వార్డు మాత్రం వదిలేవాడు కాదు.

ఒక సాయంత్రం వార్డులో అతను నిలబడే కునికిపాటు పడటం పేరిందేవి గారి కంట పడింది.

"వెళ్లి అన్నం తిని పడుకో నాయనా. రజియా ఉందిగా, చూసుకుంటుంది" అన్నారు. రజియా అతని తోటి హౌస్ సర్జన్.

శశిభూషణ్ కదల్లేదు. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి మేడం. ఇంతమంది ఇక్కడ బాధపడుతుంటే నాకు అన్నం ఎలా దిగుతుంది? నన్ను నేను చూసుకుంటూ కూర్చుంటే వీళ్లని చూసేదెవరు?"

అడిగింది ప్రశ్నే గాని, అతని గొంతులో ప్రశ్న కన్నా గొప్పే ఎక్కువ వినిపించింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకున్నారు. "చూద్దాం" అని, ఆపరేషన్‌కి వేళవుతోందని వెళ్లిపోయారు. చెప్పాను కదా, వెళ్లి పడుకుంటాడులే అనుకున్నారు.

అతను పడుకోలేదు. కిటికీ పక్క మంచం మీద కొర్లయ్య ఉన్నాడు మరి. కొర్లయ్య తాటిచెట్లెక్కి ముంజెలు దింపుకుని బతికే మనిషి. కుడికాలి రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టి, పాదం నల్లబడబోతుంటే తీసుకొచ్చారు. ఆ ఉదయమే ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. అటువంటి ఆపరేషన్ తరవాత కనిపెట్టుకుని చూడవలసింది ముఖ్యంగా ఒకటి. పాదం మీద, వేళ్లకు కాస్త ఎగువన తాకి చూస్తే నాడి తగలాలి. తగులుతున్నంతసేపూ కాలు బతికున్నట్టే. ఆగిందంటే మళ్లీ గడ్డ కట్టినట్టు. అప్పుడు పరుగున ఆపరేషన్ థియేటర్‌కి తీసుకుపోవాలి. ఆలస్యం చేస్తే కాలు తీసెయ్యవలసి వస్తుంది, కాలు పోయినవాడు ఇక తాటిచెట్టు ఎక్కలేడు. ఆ సంగతి కొర్లయ్యకూ తెలుసు, శశిభూషణ్‌కీ తెలుసు. అందుకే ఆ నాడి చూసే పని ఇంకొకరి చేతికి ఇవ్వకుండా తన మీదే వేసుకున్నాడు.

రజియా వచ్చి, "నువ్వు వెళ్లు శశీ, నేను చూస్తాను" అంది.

"నువ్వు చూసినా మళ్లీ నేనొచ్చి చూసుకోవాలి. ఆ మాత్రానికి నువ్వెందుకు?" అన్నాడు. రజియా ముఖం చిన్నబోయింది. తను చూసే మంచాల వైపు వెళ్లిపోయింది.

తెల్లారేసరికి శశిభూషణ్‌కి ఒళ్లంతా ఒకటే గాభరా. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు. ఒకే మంచం దగ్గరికి రెండుసార్లు వెళ్లి ఎందుకొచ్చాడో గుర్తురాక తిరిగొచ్చాడు. కొర్లయ్య దగ్గరికి మాత్రం దారి తప్పలేదు. పాదం మీద వేళ్లు పెట్టేవాడు. నాడి తగిలేది. హమ్మయ్య అనుకుని నాలుగడుగులు వేసేసరికి మళ్లీ అనుమానం పట్టుకునేది. వెనక్కి వచ్చి ఈసారి ఇంకాస్త గట్టిగా నొక్కేవాడు. ఇంకాస్త బాగా తగిలేది.

"నొప్పి తగ్గిపోనాది బాబూ. అసలు కాలున్నట్టే నేదు" అన్నాడు కొర్లయ్య.

నొప్పి తగ్గిందన్న మాట శశిభూషణ్‌కి వినపడింది. ఆ తరవాతి మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. "మంచిదే బాబాయ్, ఆపరేషన్ బాగా జరిగింది కదా" అన్నాడు. పాదం చల్లబడిందన్న సంగతి కూడా అతనికి తెలియలేదు, తన వేళ్లే అంతకన్నా చల్లగా ఉన్నాయి మరి. కొర్లయ్య భార్య సత్తుగిన్నెలో అంబలి పట్టుకొచ్చి, "కూసింత తాగు బాబూ, మొకం పీక్కుపోనాది" అని బతిమాలింది. తరవాత, తరవాత అంటూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

పేరిందేవి గారు రౌండ్స్‌కి వచ్చారు. నిన్నటి చొక్కాలోనే ఉన్న అతన్ని చూసి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. కిటికీ పక్కకి వచ్చి, "నాడి?" అన్నారు.

"ఉంది మేడం. ఇప్పుడే చూశాను. చాలా బాగా తగులుతోంది."

ఆవిడ దుప్పటి తొలగించి పాదం చూశారు, వేళ్లు ఆనించారు. వెంటనే రజియా వైపు తిరిగి, "థియేటర్ సిద్ధం చెయ్యమను. స్ట్రెచర్ పంపించు" అన్నారు. రజియా పరుగెత్తింది.

శశిభూషణ్ ముఖం ఎర్రబడింది. "మేడం, నాడి ఉంది" అన్నాడు మళ్లీ, ఈసారి కాస్త రోషంగా.

"అయితే స్ట్రెచర్ వచ్చేలోగా ఒక పని చెయ్యి. ఒక చెయ్యి ఆ నాడి మీదే ఉంచు. అది తగిలినప్పుడల్లా రెండో చేత్తో ఈ మంచం పట్టె మీద కొట్టు."

అతను కొట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇటువైపు నిలబడి, కొర్లయ్య మణికట్టు పట్టుకుని, అక్కడ తగిలే నాడి ప్రకారం పెన్నుతో అదే పట్టె మీద కొట్టసాగారు. ఆవిడ దెబ్బ తీరుబడిగా నడిచివెళ్లే మనిషి అడుగులా ఉంది. అతనిది ఎవరో తరుముతుంటే పరిగెత్తుతున్నట్టుంది. ఒకదానికొకటి కలవడం లేదు. ఇనపపట్టె మీద ఆ రెండు చప్పుళ్లూ వార్డంతా వినిపించాయి.

కొర్లయ్య తలెత్తి కాసేపు విన్నాడు. "ఏటమ్మా, నాకు రొండు గుండెకాయలున్నాయేటి?" అన్నాడు.

పక్క మంచం మీది మనిషి నవ్వబోయి, పేరిందేవి గారి ముఖం చూసి ఊరుకున్నాడు. శశిభూషణ్ చెయ్యి పట్టె మీద ఆగిపోయింది. ఒక మనిషికి ఒకటే గుండె. మణికట్టులో ఒకలాగా, పాదంలో ఇంకొకలాగా కొట్టుకోదు. ఆ సంగతి మొదటి ఏడాది చదివే కుర్రవాడికైనా తెలుసు. మరి తన వేళ్ల కింద ఇప్పటికీ తగులుతున్నదేమిటి? ఆలోచన సాగలేదు. స్ట్రెచర్ వచ్చింది.

"నేనూ వస్తాను మేడం."

"బయట ఉండు" అన్నారావిడ.

థియేటర్ తలుపులు మూసుకున్నాయి. శశిభూషణ్ వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాడు. కొర్లయ్య భార్య అంబలి గిన్నె ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. "కాలుంటాదా బాబూ?" అని ఒక్కసారే అడిగింది. ఎక్కడ పొరపాటు పడ్డానని అతను రాత్రి జరిగిందంతా తవ్వి తవ్వి చూసుకున్నాడు. తెల్లవారుజామున కుర్చీలో ఒక కునుకు పట్టింది, అప్పుడే జరిగి ఉంటుంది. టీ తాగడానికి కిందికి వెళ్లాడు, అదీ తప్పే. ఇంకా కనిపెట్టుకుని ఉండవలసింది, రెప్ప వాల్చకుండా ఉండవలసింది. కొర్లయ్య కాలు తన చేతుల్లో పోయిందన్న మాట పదే పదే తిరిగి వచ్చి కుదిపేస్తోంది.

చాలాసేపటికి పేరిందేవి గారు బయటికి వచ్చారు. ముందు నేల మీద కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లి వంగి, "కాలు దక్కిందమ్మా" అన్నారు. కొర్లయ్య భార్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శశిభూషణ్‌కీ కళ్లనీళ్లు తిరిగాయి.

"తప్పు నాదే మేడం" అన్నాడు. "నేను సరిగ్గా కనిపెట్టుకుని లేను. ఇక కొర్లయ్య లేచి నడిచేదాకా ఆ మంచం దగ్గర నుంచి కదలను. తిండీ నిద్రా అన్నీ ఆ తరవాతే. ఒట్టు."

ఆవిడ కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. అతని మోచెయ్యి పట్టుకుని వరండా చివర నర్సులు కూర్చునే పాత చెక్కబల్ల దగ్గరికి నడిపించారు.

"వేళ్లు ఇక్కడ పెట్టు. రాత్రి ఆ పాదం మీద పెట్టినట్టే పెట్టు. గట్టిగా నొక్కు."

పెట్టాడు. నొక్కాడు.

"ఏమైనా తగులుతోందా?"

ఏమీ లేదని చెప్పబోయాడు. ఏనాడో కోసిన టేకు చెక్క అది. దాని మీద ఆనిన తన వేళ్ల కొసల్లో నాడి కొట్టుకుంటోంది. స్పష్టంగా, గట్టిగా, ఎవరో తరుముతున్నట్టు. పొద్దున మంచం పట్టె మీద తను కొట్టిన దెబ్బే అది. అతను బల్ల వంకా, తన వేళ్ల వంకా మార్చి మార్చి చూశాడు.

"తగులుతోంది మేడం" అన్నాడు చివరికి.

పేరిందేవి గారు రజియాను పిలిచి, కొర్లయ్య పాదం ఇకనుంచి ఆమెనే చూడమని చెప్పారు. తరవాత శశిభూషణ్ చెయ్యి బల్ల మీద నుంచి మెల్లగా తీసి అతనికే అప్పగించారు.

"వెళ్లి అన్నం తిని పడుకో నాయనా. లేచి వచ్చాక మళ్లీ చూడు. అప్పటికీ ఈ బల్ల బతికే ఉంటే నాకు చెప్పు."