బంతిలో మొదటి ఆకు

దమయంతికి ఎక్కడా కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తెలీట్లేదు.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే ఆడోళ్లకి ఆమె మేస్త్రి. తెల్లది ఒక పక్కకి, మాడింది ఒక పక్కకి, బద్దలు వేరే. ఆ పని చెయ్యడానికి యజమాని కెమెరాల మిషను తెచ్చాడు. ఏది ఎలాంటి పప్పో కొన్నాళ్లు దానికి చూపించమన్నాడు. అది నేర్చేసుకున్నాక నీ ఒక్కదానికే ఇక్కడ పని ఉంటుంది, అప్పటిదాకా మిగతావాళ్లకి తెలీనివ్వకు అన్నాడు.

వాళ్లేమో మిషనుకి పూజ చేశారు. వాళ్లలో ఎర్రమ్మ అనే ఆవిడ దాని కెమెరా అద్దానికి కూడా పసుపు రాసేసింది. దాంతో మిషనుకి ఏమీ కనపడక ఒక పూటంతా పని ఆగిపోయింది. కొత్త కోడలు కదా, సిగ్గుపడతందని ఎర్రమ్మ అంటే అందరూ నవ్వారు. దమయంతికి నవ్వు రాలేదు.

గురుపూజ రోజున కూర్మదాసు గారి మఠానికి అందరూ వెళ్లారు. దమయంతి ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్న మనిషి. ఒక్కతే లోపలికెళ్లి అడిగింది.

"గురువుగారూ, మిషనుకి తప్పు నేర్పితే పాపమేటి?"

మాడిన పప్పుని తెల్లదని చూపించి మిషను పనికిరాకుండా చెయ్యాలని ఆమె ఆలోచన. ఎందుకని ఆయన అడిగితే యజమాని మాటతో సహా మొత్తం చెప్పేసింది.

ఆయన అంతా విన్నారు. పాపం సంగతి తర్వాత చూద్దాం, ముందు భోజనానికి లెగమన్నారు.

ఆమె వెళ్లి భోజనాల బంతి మొదట్లో ఎర్రమ్మ పక్కన కూర్చుంది. బంతి నిండింది. ఆకులు వేశారు. గురువుగారే అన్నం గిన్నె పట్టుకొచ్చి దమయంతి ఆకులో వడ్డించారు. పప్పు వేశారు, గుమ్మడికాయ కూర వేశారు, నెయ్యి వేశారు. తర్వాత గిన్నె కింద పెట్టేశారు. వెనకాల వస్తున్న వంటవాళ్లని కూడా ఆగమన్నారు.

"తినమ్మా."

చివరి ఆకు దాకా వడ్డన అయితే గానీ ఆ బంతిలో పిల్లలు కూడా ముద్ద ఎత్తరు. దమయంతి చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

"ఏటే, గురువుగారికి నువ్వొక్కదానివే కనిపిస్తన్నావా? తినీ, మేం వాసన సూస్తాంలే," అంది ఎర్రమ్మ.

బంతంతా నవ్వింది. గురువుగారు నవ్వలేదు.

"సల్లారిపోతంది. తిను."

"ఎలాగ తినను గురువుగారూ? పక్కన ఖాళీ ఆకులున్నాయి కదా."

ఆయన ఆమె వైపే చూస్తూ నిలబడ్డారు.

దమయంతి తల దించుకుంది. నెయ్యి పేరుకుంటోంది. కాసేపటికి పక్కకి తిరిగింది.

"ఎర్రమ్మా, ఆ మిషను ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నీకు సెప్పలేదు."

ఎర్రమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

గురువుగారు వంగి గిన్నె ఎత్తారు.