వంతెన దగ్గర కొయ్యసారథి

మణిగిరి రాజు వీరకేసరికి కొత్త వస్తువంటే పిచ్చి. ఆ పిచ్చి ఎప్పుడు ఎవరి కొంప ముంచుతుందో చెప్పలేం. ఈసారి రథసారథుల వంతు వచ్చింది.

ఆస్థాన యంత్రవిశారదుడు చిత్రాంగదుడు ఒక కొయ్యబొమ్మను తయారుచేశాడు. కళ్లేలు చేతికిస్తే చాలు, గుర్రాలను అదే తోలుతుంది. కోటవాకిలి నుంచి ఏటి అవతలి తోట దాకా రాజుగారిని కుదుపు లేకుండా తిప్పి తెచ్చింది. రాజు పొంగిపోయాడు.

“ఇక సారథులెందుకు? పన్నెండుమందీ రేపు సాయంత్రానికి కొరడాలు అప్పజెప్పి ఇళ్లకు వెళ్లండి!”

పెద్ద సారథి గవరయ్య గుండె జారిపోయింది. పన్నెండు ఇళ్లలో పొయ్యి వెలగదు మరి. కానీ కడుపులో మంటను మీసాల చాటున దాచుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటే.

“బొమ్మ భేష్ ప్రభూ! ఒక్క మనవి. ఇవాళ రథం ముందు నలుగురు భటులు ‘తప్పుకోండి, తప్పుకోండి’ అని గొంతు చించుకుంటూ పరుగెత్తారు. రేపు సంత. జెండా, బాకా లేకుండా మామూలు మనుషుల్లా ఒక్కసారి వెళ్లొద్దాం.”

చిత్రాంగదుడు పెదవి విరిచాడు.

“నా బొమ్మకు అరుపులతో పనేంటి? దారి ఇమ్మని మనలో ఎవరైనా నోరు తెరవాల్సి వస్తే, నా గండపెండేరం తీసి ఈ గవరయ్య కాలికి తొడుగుతాను!”

మర్నాడు రాజు వర్తకుడిలా తలపాగా చుట్టి రథమెక్కాడు. వెనక చిత్రాంగదుడు, సాయంత్రం అప్పజెప్పాల్సిన కొరడా ఒళ్లో పెట్టుకుని గవరయ్య కూర్చున్నారు. అవతల తోటలో రాణిగారు పనసపొట్టు కూర వండించి ఎదురుచూస్తున్నారు. చల్లారాక వస్తే మూడు రోజులు మాట్లాడనని కబురు కూడా పంపారు.

బాట మీద బండ్లు రెండు వరుసల్లో పోతున్నాయి. పక్క వరుస వేగంగా కదిలితే అందులోకి మారడం బొమ్మకు నేర్పిన విద్య. మారింది. మారగానే ఆ వరుస ఆగింది. మళ్లీ ఇటు మారింది. ఇదీ ఆగింది. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, బయల్దేరినప్పుడు ముందున్న గడ్డిబండి వెనకే తేలింది. గడ్డి నలుసులు రాజుగారి మీసాల్లో చిక్కుకున్నాయి.

అసలు తిప్పలు వంతెన దగ్గర మొదలయ్యాయి. అక్కడ రెండు వరుసలూ ఒకటి కావాలి. నాలుగు బారల ఖాళీ ఉంటేనే దూరాలని బొమ్మకు కట్టడి. సంతనాడు నాలుగు బారలు ఎవడు వదులుతాడు? మూరెడు కూడా వదల్లేదు. బొమ్మ బుద్ధిగా నిలబడిపోయింది. వంకాయల బండి పోయింది, కుండల బండి పోయింది, ఆఖరికి కుంటి ఎద్దు బండి కూడా పోయింది.

“గవరయ్యా, ఏదో ఒకటి చెయ్యవయ్యా!” అన్నాడు రాజు.

“నోరు తెరిస్తే అయ్యగారి పందెం పోతుంది ప్రభూ,” అని గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

ఎండ నెత్తికెక్కింది. పనసపొట్టు కూర తలపుకొచ్చింది. రాజు ఉండబట్టలేక గవరయ్య ఒళ్లోని కొరడా లాక్కుని పైకెత్తి, పక్కన చింతపండు బండి తోలుతున్న ముసలమ్మను పిలిచాడు.

“అత్తా! కాస్త ఆగవే, మేం దూరతాం!”

ముసలమ్మ ఠక్కున ఎద్దులను ఆపింది.

“ఆ మాట ఇందాకే అనొచ్చుగా అల్లుడూ! మూగోళ్లలా నిలబడితే మాకేం తెలుస్తుంది? రా, రా!”

గవరయ్య లేచి, కళ్లేలు బొమ్మ చేతిలోంచి తీసి, వంగి రాజుగారి ఒళ్లో పెట్టాడు.

“ఇదేమిటి?”

“కొరడా ఎవరికి అప్పజెప్పాలా అని పొద్దుట్నుంచీ చూస్తున్నాను ప్రభూ. పన్నెండుమందిని తీసేసి, ఆ కొలువులో తమరే చేరారు!”

రాజు చేతిలోని కొరడానూ, ఒళ్లోని కళ్లేలనూ చూసుకున్నాడు. తర్వాత తలపాగా ఊడిపోయేలా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా ముసలమ్మ కూడా నవ్వింది.

“ఈ కొలువు మాకొద్దు బాబూ! మీ పన్నెండుమందే తోలండి,” అంటూ రాజు కొరడా, కళ్లేలు తిరిగి ఇచ్చేసి, తన మెడలోని ముత్యాలహారం గవరయ్య మెడలో వేశాడు.

వంతెన దాటేలోపే చిత్రాంగదుడు వంగి, కాలికున్న గండపెండేరం విప్పుకోవడం మొదలుపెట్టాడు.