గడప లేని చోట కాఫీ

ఈ సంగతి మొదట చెప్పింది పైడినాయుడు. గురువు పక్కనే నిలబడి చూసినవాడు కనుక అతని మాటే మాట. తక్కినవాళ్లు పెంచి చెప్పేవి విని ఎవరూ మోసపోవద్దు.

గుండెకు తప్పెట కట్టి ఆడే తప్పెటగుళ్లకు గొంప అప్పలసూరి పేరుమోసిన గురువు. ఢిల్లీలో ఆటకని బయలుదేరి, శిష్యుడితో విశాఖ విమానాశ్రయంలో కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక పైడినాయుడు అడిగాడు: "గురువుగోరూ, మనిషి మీద కోపం ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు?"

"ముందు కాఫీ తాగుదాం, పద."

అడుగుల విషయంలో ఎంత పట్టింపో, కాఫీ విషయంలోనూ ఆయనకంతే. మొదటి కొట్లో కప్పు చూసి, "నురగే గానీ సరుకేదిరా?" అని తిప్పి ఇచ్చేశాడు. రెండో కొట్లో వాసన చూసే వెనక్కి తిరిగాడు. మూలనున్న చిన్న కొట్లో ఒకామె అరకు గింజల డికాక్షన్ దింపుతోంది. అక్కడ ఆయన కాళ్లు వాటంతటవే ఆగాయి.

కప్పు పెదవి దాకా వెళ్లింది. అప్పుడామె అంది: "నన్ను పోల్చలేదేటి మావా? నూకాల్ని. కన్నప్పడి చెల్లిని."

కప్పు అక్కడే నిలిచిపోయింది. ఇరవై రెండేళ్ల కిందట ఊరి జాతరలో, నిండు ఆటలో ఒక అడుగు తప్పి జట్టంతా చెదిరింది. జనం నవ్వారు. తప్పు తన జట్టులో ఆడే కన్నప్పడిదేనని గురువు అందరి ముందూ తిట్టి, "మీ గడపలో మంచినీళ్లు ముట్టను" అని ఒట్టేసుకున్నాడు. కన్నప్పడు మారు మాటాడలేదు. మళ్లీ గజ్జె కట్టలేదు. ఇది పైడినాయుడికీ తెలిసిన కథే.

"ఇక్కడ గడపేదీ లేదులే, తాగు," అంది నూకాలు. నవ్వుతూనే అంది గానీ, ఆయన గుటక వేసేదాకా కప్పు మీంచి కళ్లు తీయలేదు.

విమానానికి పిలుపు వచ్చింది. పైడినాయుడు సంచులు భుజానికెత్తి తొందరపడ్డాడు. గురువు కదల్లేదు, చివరి చుక్క దాకా తాగాడు.

"మీ అన్న?"

"ఉన్నాడు. ఊళ్లో తప్పెట మోగితే తలుపేసుకుంటాడు. లోపల కాలు మాత్రం ఆడిస్తాడు."

గురువు ఖాళీ కప్పును రెండు చేతులా ఆమెకు అందించాడు.

"నూకాలూ, ఆ వేళ అడుగు తప్పింది నాది. ఊళ్లో అందరికీ చెప్పించమ్మా. మీ అన్నకు మాత్రం చెప్పక్కర్లేదు. వాడికి ఆ వేళే తెలుసు."