గవ్వలపాలెం వలగంట గుడి

ఆగస్టు రెండో ఆదివారం నాడు గవ్వలపాలెంలో బస్సు దిగి సముద్రం వైపు ఇసుక దారిన నడిచే భక్తులకు ముందుగా కనిపించేది శిలువ కాదు, వాలీబాల్ ఆడే వల. దాని ఒక కొస దేవాలయపు గంటస్తంభం మీది గంట తాడుకు కట్టి ఉంటుంది. ఎవరో విప్పడం మరచిపోయారనుకుని కొత్తవారు దాన్ని పైకెత్తి కిందనుంచి దూరుతుంటారు. దయచేసి అలా చేయవద్దు. గంట మోగుతుంది, ఊరంతా పరుగెత్తుకొస్తుంది. ఈ ఆలయానికి వలగంట గుడి అనే పేరు వచ్చిందే ఆ విధంగా.

పూర్వం ఇక్కడ, మా తాతల కాలంలో, ఎలీసమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఈ స్థలంలో ఏ ఋషీ తపస్సు చేయలేదు గాని, ఆమె రోజు గడిచిన తీరు అంతకు తక్కువేమీ కాదు. భర్త యాకోబును తెల్లవారుజామునే చేపల వేటకు సాగనంపి, మంచం పట్టిన అత్త శాంతమ్మకు నీళ్లు పోసి, అన్నం తినిపించి, గుడి ఊడ్చి చాపలు పరిచేది. పసిపిల్లలకు పాటలు నేర్పేది. ఆ పిల్లలే మీసాలు రాగానే లోపలికి రావడం మానేసి, బోర్లించిన పడవల మీద కూర్చుని కబుర్లలో పడేవారు. ఆమెకు అదే పెద్ద దిగులు. ఆమె కొడుకు తిమోతి వారిలో మొదటివాడు.

ఆటకైనా గుడి ముంగిటికి వస్తారన్న ఆశతో ఎలీసమ్మ భర్త పాత వలను బాగుచేసి కుర్రవాళ్లకు ఇచ్చింది. వారు ఒక కొసను కొత్తగా పాతిన స్తంభానికి కట్టారు. రెండో వైపు తాడు చాలలేదు. వెతికే ఓపిక లేక, గంటస్తంభం మీదనుంచి వేలాడే గంట తాడునే వలకు ముడివేశారు.

ఆ ఊళ్లో ఆరాధన వేళ కాని వేళ గంట మోగిందంటే, సముద్రంలో పడవకు ఆపద వచ్చిందనే అర్థం. ఒక మధ్యాహ్నం తిమోతి బలంకొద్దీ కొట్టిన బంతి వలకు తగలగానే గంట ఖంగున మోగింది. ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం వదిలేసి గుండెలు బాదుకుంటూ వచ్చారు. సంఘపెద్ద ఇస్సాకు సగం గీసిన గడ్డంతో వచ్చాడు. తీరా చూస్తే పన్నెండుమంది కుర్రవాళ్లు, ఒక బంతి.

"స్తంభం పీకెయ్యండి. ఇక ఈ కుర్రకుంకలు ఈ ఆవరణలో అడుగు పెట్టగూడదు" అన్నాడు ఇస్సాకు. తల్లులు పడ్డ భయం చూశాక అతని మాట తప్పనలేము.

"వల ఇచ్చింది నేను, తాడు చూసుకోనిదీ నేనే. క్షమించండి పెద్దయ్యా" అంది ఎలీసమ్మ. "ఒక్క ఆదివారం ఆగండి. వాళ్లే గంట మోగించి, పన్నెండుమందీ లోపలికొచ్చి కూర్చుంటారు. ఒక్కడు తగ్గినా స్తంభం నేనే పీకుతా."

"నీ కొడుకు గుడి మెట్టెక్కి మూడేళ్లయింది గదమ్మా."

"ఎక్కుతాడు లెండి."

ఆదివారం వచ్చింది. బంతి వలకు తగిలింది, గంట మోగింది. కుర్రవాళ్లు కాళ్లు కడుక్కుని ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఇస్సాకు వేలు చూపి లెక్కపెట్టాడు. పదకొండుమంది. తిమోతి లేడు.

మొదటి పాట అయింది, రెండోది అయింది. ఎలీసమ్మ లేచి, గుమ్మం పక్కనున్న పలుగు తీసుకుని బయటికి నడిచింది. ఇచ్చిన మాట కంటే, అది తన కొడుకు వల్లే తప్పుతున్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది. పలుగు స్తంభం మొదట్లో దించబోతూ తల ఎత్తి చూసింది.

ఇసుక దారిలో తిమోతి వస్తున్నాడు. వీపు మీద నాయనమ్మ ఉంది. గంట విన్న శాంతమ్మ, గుడి చూసి నాలుగేళ్లయింది, నన్నూ తీసుకుపొమ్మని మనవణ్ణి పట్టుకుని వదల్లేదట.

"మెల్లగా నడువ్‌రా. నేనేమన్నా చేపల బుట్టనా?" అని దారి పొడుగునా కసురుతూనే ఉంది. గుమ్మంలో దిగి, "లెక్క సరిపోయిందా ఇస్సాకూ? నాతో గూడా పదమూడు" అంది.

ఇస్సాకు నవ్వాపుకోలేకపోయాడు. ఎలీసమ్మ చేతిలోని పలుగు తీసి మూలన పెట్టాడు. అది ఇప్పటికీ గుడిలోనే ఉంది. కొబ్బరి మొక్కలకు గుంతలు తీయడానికి వాడుతున్నాం.

ఆ తరువాత గంట తాడును వల నుంచి విప్పి విడిగా కట్టారు. ఏటా ఆగస్టు రెండో ఆదివారం మాత్రం దాన్ని మళ్లీ వలకు కడతారు. బంతి తగిలి గంట మోగగానే పన్నెండుమంది యువకులు ఊళ్లోకి పోయి, నడవలేని పెద్దలను వీపు మీద తీసుకొస్తారు. స్తంభం పీకమన్న ఇస్సాకు చివరి ఆరేళ్లూ అలాగే వచ్చాడు. గంట ఆలస్యమైందని ప్రతిసారీ సణిగాడు.

ఎలీసమ్మ వంతు వచ్చిన ఏడాది, నేను మోస్తానంటే నేను మోస్తానని పన్నెండుమందీ తగవుపడ్డారు. ఇంటినుంచి గుడికి నాలుగు వందల అడుగులు. ఆ కాస్త దూరానికే ఆమె పన్నెండు వీపులు మారింది, నవ్వీ నవ్వీ గుడిలో పాట పాడలేకపోయింది.

ఆ రోజు ఒకరిని మోసుకొచ్చిన వారి ఇంట శాంతి సమాధానాలు నిలుస్తాయని ఇక్కడి నమ్మకం. దూరం నుంచి వచ్చే భక్తులు కానుకలు తేనవసరం లేదు. గంట మోగాక వీపు ఖాళీగా ఉంటే రెండో వీధిలోకి వెళ్లండి, అరుగుల మీద పెద్దలు తయారై కూర్చుని ఉంటారు.